స్విచ్ వేస్తే ప్రేమదాసు

కంప్యూటర్ రూము బయట చెప్పులున్నాయి. మనిషి లేడు.

ఊడ్చే మనిషి కూడా వాటిని జరపడం లేదు. చుట్టూ ఊడ్చి పోతోంది.

1988 నవంబరు. జగ్గయ్యపేట శివార్లలో సిమెంటు ఫ్యాక్టరీ. ఆపరేటర్ ప్రేమదాసు ఆ గదిలోకి వెళ్ళి పన్నెండు రోజులైంది. ఇంటికి రాలేదు.

కానీ రోజూ పొద్దున కంప్యూటర్ స్విచ్ వేయగానే తెర మీద మొదట పడేది అతని పేరే.

ఇన్‌స్పెక్టర్ వీరరాఘవయ్య బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. వెనకే ప్రేమదాసు భార్య ప్రేమకుమారి. నందిగామలో టీచరు. రోజూ మొదటి బస్సుకి వచ్చి, ఆ పేరు చూసుకుని, తిరిగి బడికి వెళుతోంది.

"వెయ్యమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టైపిస్టు జయమణి కళ్ళు మూసుకుని స్విచ్ వేసింది. మిషను కిర్రుమంది. నల్లటి తెర మీద ఆకుపచ్చటి ఇంగ్లీషు అక్షరాలు.

ప్రేమదాస్ ఆన్ డ్యూటీ.

"బతికే ఉన్నారండి," అంది ప్రేమకుమారి.

"లేచిపోయినవాడు బతక్కేం," అన్నాడు మేనేజర్ జగన్నాథరావు. "ఆ సాయంత్రం అయిదున్నరకి మిషను కట్టేసి, సంచీ తీసుకుని వెళ్ళాడు. నేనే చూశా."

"మరి ఈ పేరు?"

"వాడి పోకిరీతనం. మిషను లేవగానే చదివే ఫైలులో రాసిపెట్టాడు. హార్డ్ డిస్కులో ఆ ఫైలు మూడుసార్లు చెరిపేశా."

"అయినా వస్తోంది."

మూల నిలబడ్డ ఎలక్ట్రీషియన్ బ్రహ్మయ్య గోడవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు.

"జయమణీ, ఇది మొదట ఎక్కడ చూస్తుంది?"

"ఫ్లాపీ పెట్టే అరలోనండి, 'ఎ' డ్రైవు అంటారు. ఫ్లాపీ ఉంటే దాంట్లో ఫైలే చదివి లేస్తుంది. లేకపోతేనే హార్డ్ డిస్కు."

"ఇప్పుడు ఫ్లాపీ ఉందా?"

"చూళ్ళేదండి. భయమేసి స్విచ్ తప్ప ఏదీ ముట్టుకోవట్లా."

డ్రైవుకి అడ్డంగా దసరా పూజనాటి బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. పూజ చేసింది మేనేజరే. దేవుడి దండని ఎవరూ తీయలేదు.

ఇన్‌స్పెక్టర్ రెండు వేళ్ళతో దాన్ని పక్కకి జరిపాడు. వెనక నల్లటి అంచు.

"ఆయన ఫ్లాపీయే," అంది ప్రేమకుమారి. "రోజూ జేబులో ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టేవారు."

"దీన్ని తీయకుండా మిషను కట్టేవాడా?"

"పొయ్యి ఆర్పకుండా నేను పడుకుంటానాండి?"

"అయితే ఆ సాయంత్రం మిషను కట్టింది అతను కాదు." ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగాడు. "సంచీ చూశారు. కాళ్ళు చూళ్ళేదా, జగన్నాథరావు గారూ? చెప్పులు ఇక్కడే ఉన్నాయే."

జగన్నాథరావు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. మెరుస్తున్న బూట్లు.

"ఈ గదిలోకి బూట్లతో వచ్చేది మీరొక్కరే. అందుకే గుమ్మం బయట ఏముందో మీకు పట్టలేదు."

"స్టెబిలైజరు ముట్టుకుంటే జివ్వుమంటోందనేవారు," ప్రేమకుమారి మెల్లిగా అంది. "చెప్పులేసుకోండన్నా. ఆ గదిలో ఒప్పుకోరన్నారు."

బ్రహ్మయ్య నేలమీద కూలబడ్డాడు.

"దానికి ఎర్తు తీగ వేస్తానన్నానండి. పని ఆగుద్ది, తర్వాత చూద్దామన్నారు సారు. నేనొచ్చేసరికి పడున్నాడు. ఊపిరి లేదు. మెయిన్ స్విచ్ కట్టింది నేనే. కేసైతే ఫ్యాక్టరీ మూయిస్తారని సారు..."

"ఎక్కడ?"

"పాత క్వారీలో నీళ్ళ గుంటలోనండి."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ వచ్చి మేనేజర్ భుజం పట్టుకున్నాడు.

"మరి రోజూ నేను చూసింది?" అంది ప్రేమకుమారి.

"ఎప్పుడో రాసుకున్న ముక్కమ్మా. ఆ ఫ్లాపీ అందులో ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది."

ఆమె తల ఊపింది. తెర వైపు మళ్ళీ చూడలేదు.

బయట జీపు స్టార్ట్ చేశారు. ఆమె ఎక్కబోతుంటే ఇన్‌స్పెక్టర్ ఆపాడు.

"మీరొద్దమ్మా. ఇన్నాళ్ళు నీళ్ళలో... చూడలేరు."

"లేచిపోయినవాడి పెళ్ళాన్నని బస్సులో నా పక్కన కూర్చోవట్లేదండి ఎవరూ. ఆయన ఎక్కడికీ పోలేదని నేను చూసి చెప్పాలి."

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది.

క్వారీ దారంతా తెల్లటి దుమ్ము. ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు.