సీటు కింద పెట్టె

కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే ఆ మనిషికి భార్య, ఎనిమిది నెలల పాప, ఒక కారు... అంతే లోకం. ఏ వరసలో అని భార్య నిలదీస్తే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు, రెండే రెండు సీట్లు. పాతదే కొన్నాడు. "ఒకావిడ వాడిన బండి సార్, ప్రాణంలా చూసుకుంది," అన్నాడు అమ్మినవాడు. అంత ప్రాణమైతే ఎందుకు వదులుకుందని ఇతను అడగలేదు. మోజులో ఉన్నవాడికి అలాంటివి తట్టవు కదా!

చిక్కల్లా వాళ్ళుండే వీధితోనే. పొద్దున్నే లేచి చూస్తే ఎవరిదో ఒకరి కారు అద్దం ముక్కలై రోడ్డు మీద మెరుస్తుండేది. ఒకాయన బండికైతే రాత్రికి రాత్రి నాలుగు చక్రాలూ మాయమై, అది ఇటుకల మీద నిలబడింది. అందుకని ఇతను స్టీరింగుకి ఇనప కడ్డీ తాళం వేశాడు. దొంగల కళ్ళు పడకుండా మాసిపోయిన పాత ముసుగు కప్పాడు. అలారం కూడా పెట్టించాడు గానీ, పిల్లి తోక తగిలినా అది వీధంతా లేపేసేది. చివరికి కింది వాటాలో ఉండే ముసలాయన మేడెక్కి వచ్చాడు. జీవితమంతా డ్రైవింగ్ నేర్పిన మనిషి, అందరూ బ్రేకు తాతయ్య అంటారు.

"బాబూ, దొంగైతే ఎప్పుడో ఒకసారి వస్తాడు. నీ అలారం రోజూ వస్తోంది. దాని నోరు మూయించు, నీకు పుణ్యముంటుంది."

పెద్దాయన మాట కాదనలేక అలారం తీసేశాడు. ఇక నిద్ర పడితే ఒట్టు. అప్పుడే అతని కన్ను పాప పెట్టె మీద పడింది.

నిజానికి అవి రెండు పెట్టెలు. ఉయ్యాల పక్కన ఒకటి ఉండి వింటుంది, రెండోది ఇంకో గదిలో ఉండి ఆ చప్పుళ్ళు వినిపిస్తుంది. పాప కాస్త కదిలినా తెలియాలని భార్య ముచ్చటపడి కొన్నది. ఆమె నర్సు. ఆ వారమంతా రాత్రి డ్యూటీ. గుమ్మంలో చెప్పులేసుకుంటూ మొగుడి వైపు అనుమానంగా చూసింది.

"పెట్టె పాప దగ్గరే ఉండాలి. నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు."

"నన్ను దొంగని చూసినట్టు చూస్తావేంటి! దాన్ని ముట్టుకోనులే."

పాప గురించి ఒక్క మాట చెప్పాలి. కొత్తవాళ్ళ దగ్గరికి చచ్చినా వెళ్ళదు. సొంత అమ్మమ్మే వారం రోజులు చంకనేసుకుని తిప్పితే గానీ ఆవిడకి చేతులు చాచలేదు. ఏడుపు కూడా దాని పద్ధతి దానిదే. ముందు రెండు ఎక్కిళ్ళు, ఆ తర్వాతే రాగం.

భార్య వెళ్ళింది. పాప నిద్రపోయింది. అతను వినే పెట్టెని తీసుకెళ్ళి కారులో పక్క సీటు కింద పెట్టి, తాళం వేసి, ముసుగు సర్ది వచ్చాడు. గోడవతలే కదా పాప, ఏడిస్తే వినపడదా అనుకున్నాడు. వీధి తలుపు గడియ పెట్టి, రెండో పెట్టెని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

కాసేపటికి వాన మొదలైంది. కారు ముసుగు మీద పడే చినుకులు పెట్టెలో చిటపటమంటున్నాయి. తడిమట్టి వాసన, ఆ చప్పుడు, దుప్పటి వెచ్చదనం... చాలా రోజుల తర్వాత అతనికి ప్రాణం కుదుటపడింది. రెప్పలు వాలాయి.

చిటపట ఆగిపోయింది.

కిటికీ బయట వాన పడుతూనే ఉంది. పెట్టెలో మాత్రం లేదు. దాని బదులు ఇంకేదో... సర్రుమని... తడి రోడ్డు మీద చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నట్టు.

ఒక్క ఉదుటున లేచి కిటికీలోంచి తొంగి చూశాడు. వీధి దీపం కింద ముసుగు కప్పుకుని కారు ఎక్కడిదక్కడే ఉంది.

అమ్మయ్య అనుకోబోయాడు. అంతలో పెట్టెలో ఆడగొంతు. చెవిలో చెప్పినంత మెల్లగా.

"భయం లేదు బంగారం... ఒక్క చుట్టు తిరిగొచ్చేద్దాం..."

తర్వాత రెండు ఎక్కిళ్ళు.

పక్క గదిలోకి పరిగెత్తాడు. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది.

పాప లేదు.

మంచం కింద చూశాడు. తలుపు వెనక చూశాడు. వీధి తలుపుకి గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని లాగి, పెట్టె, కారు తాళం చేత్తో పట్టుకునే మెట్లు దిగి, వానలో పడి కారు దగ్గరికెళ్ళి ముసుగు లాగేశాడు. అద్దాలు లోపలి నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. చెయ్యి ఆనిస్తే బానెట్టు కాలిపోతోంది.

తాళం తీసి తలుపు తెరిచాడు. ఎవరూ లేరు. ఇనప కడ్డీ తాళం చెక్కుచెదరలేదు. డ్రైవరు సీటు మాత్రం బాగా ముందుకి జరిపి ఉంది... పొట్టి మనిషెవరో కూర్చున్నట్టు. లోపలంతా పాల వాసన.

"నా పిల్ల..." అన్నాడు ఎవరితోనో. "నా పిల్లని ఇచ్చేయమ్మా... కారు తీసుకో. కారు నువ్వే తీసుకో..."

చేతిలో పెట్టె గరగరలాడింది.

"వచ్చేశాం బంగారం... ఇల్లొచ్చేసింది."

ఆ వెంటనే కిర్రు... కిర్రు... ఆ చప్పుడు అతనికి తెలుసు. ఉయ్యాల చప్పుడు. వినే పెట్టె చూస్తే ఇక్కడే ఉంది, సీటు కింద.

ఎలా మెట్లెక్కాడో అతనికే తెలియదు. పాప ఉయ్యాలలో వేలు చీకుతూ నిద్రపోతోంది. ఎత్తుకుని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తెల్లారేదాకా దాన్ని కింద దించలేదు.

పొద్దున భార్య వచ్చి పాపకి బట్టలు మారుస్తూ ఆగిపోయింది.

"రాత్రి దీన్ని కారులో తిప్పావా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

పాప భుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా ఎర్రటి చార. సీటు బెల్టంత వెడల్పు.

"కారు ఇవాళే వదిలించేస్తాను," అన్నాడు. ఆ నోట ఆ మాట వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. వింతగా చూస్తూ పాపని భుజాన వేసుకుంది.

తల్లి భుజం మీంచి పాప గుమ్మం వైపు చూసింది. బోసినోరు విప్పి నవ్వింది. ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.

"ఎవరొచ్చారు? అమ్మమ్మా?" అంది భార్య, వెనక్కి తిరగకుండానే.

గుమ్మంలో ఎవరూ లేరు.