మార్చని మగపిట్ట

పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి పరుశురాం బాల్కనీలోకి వచ్చాడు. తార్నాకలోని ఆ చిన్న ఫ్లాటులో పంజరాల్లో బుల్లి ఫించ్ పిట్టలను పెంచే పని ఆయనది. గూటిలోని గుడ్లను ఒక్కొక్కటే తీసి ఫోను లైటు ముందు పెట్టి చూశాడు. లోపల పిల్ల పడితే సన్నటి ఎర్రని నరాలు కనిపించాలి. ఐదు గుడ్లూ ఉత్తగానే వెలిగాయి.

"గిది గూడ గొడ్డుదే. ఇంకో ఆడదాన్ని తేవాలె," అన్నాడు.

చిక్కుడుకాయలు గిల్లుతున్న భార్య భూదేవి అందుకుంది. "పిట్టలైతే మార్చుకోవచ్చు. మనుషులకు గా వీలు లేదాయె."

బట్టలు ఆరేస్తున్న కోడలు వనజ చేయి ఆగిపోయింది. పెళ్లయి నాలుగేళ్లు. ఇంట్లో ఉన్న ఆస్పత్రి చీటీలన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి.

"మామయ్యా, ఇది మూడో ఆడపిట్ట గదా?"

"అవునమ్మా."

"మగదాన్ని ఎన్నిసార్లు మార్చిండ్రు?"

పరుశురాం పంజరంలోని మగపిట్ట వైపు చూశాడు. నారింజ బుగ్గలు, మిరపపండు లాంటి ముక్కు, పొద్దంతా పాట. ఏరి ఏరి తెచ్చిన ఆ అందగాణ్ణి అనుమానించాలని ఆయనకు ఏనాడూ తోచలేదు.

"దానికేమైంది, మంచిగనే ఉన్నది గదా," అంది భూదేవి.

"నేను గూడ మంచిగనే ఉన్న అత్తమ్మా. డాక్టరమ్మ రాసిచ్చింది. ఆయనను గూడ తీసుకరమ్మన్నది. మొగోనికి పరీక్షలేందని మీరే ఆపితిరి." వనజ చేతిలోని తడిబట్టను బకెట్లో పడేసింది. "రేపు మా అమ్మోళ్లింటికి పోత. మీరు ఇంకోదాన్ని తెచ్చుకోండ్రి."

పరుశురాం దేవుడి ముందు కూర్చున్నాడు. 'స్వామీ, నాలుగేండ్ల నుంచి ఈ పిల్లను బాగుచేయమనే మొక్కిన. మొక్కుడే తప్పయిందా?'

లేచి అందగాణ్ణి వేరే పంజరంలోకి మార్చాడు. దాని చోట బుగ్గల రంగు వెలిసిన మరో మగపిట్టను వదిలాడు. చెప్పులేసుకుని కొడుకు ముఖేష్ పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీకి నడిచాడు.

"ఏంది నాయినా, గిట్లొచ్చినవ్?"

"రేపు వనజతోని ఆస్పత్రికి పో. నువ్వు గూడ చూపించుకో."

ముఖేష్ తల దించుకున్నాడు. "నాదే లోపమని తేలితే?"

"తేలితే మందులున్నయి, పైన దేవుడున్నడు. నాలుగేండ్లు అదొక్కతే మోసింది బిడ్డా. నీ సగం నువ్వు ఎత్తుకో."

సాయంత్రం వనజ సంచి సర్దుతోంది. ముఖేష్ గడపలోనే నిలబడి, తల్లి వినేటట్టు అన్నాడు. "రేపు నీతోని నేను గూడ ఆస్పత్రికి వస్త. ఇన్నేండ్లు భయపడ్డ. తప్పు నాదే."

భూదేవి కొడుకు వంకా, కోడలు వంకా చూసింది. లేచి వెళ్లి వనజ పక్కన కూర్చుంది.

"పరీక్షలకు తినకుండ పోవాల్నా, తిని పోవచ్చునా?"

"తినే పోవచ్చు అత్తమ్మా," అంటూనే వనజ ఏడ్చేసింది.

"అయితే పొద్దుగాల ఉప్మా నేను చేస్త," అంది భూదేవి, తనూ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు జర ఎక్కువసేపు పండుకో."