రాచగుట్ట మలుపు

శశిధర్‌ను వందన మొదటిసారి చూసింది కోపంగానే.

రాచగుట్ట కోట చుట్టూ ఉన్నది రక్షిత అడవి. కూలిన బురుజుల మధ్య జింకలు మేస్తుంటాయి, నెమళ్ళు రోడ్డుకు అడ్డంగా నడుస్తుంటాయి. కోటను చుట్టివచ్చే సన్నటి తారు రోడ్డు మీదికి ఆదివారం పొద్దున సైకిళ్ళను మాత్రమే వదులుతారు. బెల్లు కొట్టకూడదు, అరవకూడదు. అందుకని సూర్యాపేట సైకిల్ బృందం వాళ్ళు అక్కడ ఒకరి వెనక ఒకరు వెళ్తూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి పైకెత్తితే ఆగమని. చెయ్యి కిందికి చాపి వేలు చూపితే అటువైపు గుంతో, జారే ఎర్రకంకర మొరమో ఉందని.

కోదాడ నుంచి కొత్తగా వచ్చి చేరిన శశిధర్‌కు ఇదేమీ తెలియదు. నెమలిని చూడగానే సంతోషం ఆపుకోలేక బెల్లు కొట్టాడు. నెమలి ఎగిరి చెట్లలోకి పోయింది. ముందు వెళ్తున్న వందన సైకిల్ ఆపి, దిగి, వెనక్కి నడిచి వచ్చింది. ఒక్క మాట అనలేదు. తన చేతిరుమాలు తీసి అతని బెల్లుకు చుట్టి, గట్టిగా ముడివేసి, మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయికి మాటలు రావా అన్నా?" అని అతను మెల్లగా అడిగాడు.

"వస్తయి తమ్మీ. నీ అసొంటోళ్ళ మీద ఖర్సు పెట్టది," అన్నాడు బృందాన్ని నడిపే ధర్మేందర్.

వందన డిగ్రీ పూర్తిచేసి, సూర్యాపేటలో నాన్న జనార్దన్ ఎరువుల దుకాణంలో కంప్యూటర్ పని చూస్తోంది. నలుగురిలో నోరు తెరవాలంటే ఆమెకు భయం. అడవి రోడ్డు మీద మాట్లాడమని ఎవరూ అడగరు. అక్కడ వరుసకు ముందుండి తాను చెయ్యి చూపితే, వెనక అందరూ ఆ చేతిని నమ్మి మలుపు తిరుగుతారు. ఆ సంగతి తలుచుకుంటే వారమంతా ఆమెకు ధైర్యంగా ఉండేది.

వానాకాలం మొదలయ్యేసరికి శశిధర్ ఆమె వెనకే తన చోటు చేసుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకసారి టీ తాగడానికి ఆగినప్పుడు మాత్రం అతనే అడిగాడు.

"అందర్నీ అన్నా అన్నా అని పిలుస్తారు. నన్ను ఏమీ అనరేంటండీ?"

"పిలిచే పని పడలే," అంది వందన, గ్లాసులోకి చూస్తూ.

"పని పడితే?"

"అప్పుడు చూస్తం."

అంతే. కానీ ఆ రోజు ఆమె గ్లాసులో టీ చల్లారిపోయేదాకా తాగలేదని శశిధర్ గమనించాడు.

దసరా తర్వాత ఒక పెద్ద ప్రయాణం అనుకున్నారు. సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి మిర్యాలగూడ, మళ్ళీ సూర్యాపేట. ఆడపిల్లల వరుసకు వందన ముందుండాలని ధర్మేందర్ తేల్చేశాడు. ఆడపిల్లకు ఇంత దూరం ఎందుకని జనార్దన్ చాలా రోజులు నసిగాడు. తల్లి కౌసల్య పట్టుబట్టి ఒప్పించింది.

ఆ లోపలే ఆ ఆదివారం వచ్చింది.

రాత్రి కురిసిన వానకు కోట వెనక మలుపులో గుట్ట మీది మొరం రోడ్డు మీదికి కొట్టుకువచ్చి ఉంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. కోట గోడలో విరిగిన ఒక వాకిట్లో జింక నిలబడి ఉంది, దాని పొట్ట కింద పిల్ల. వందన తల తిప్పి వాటిని చూసింది. మరుక్షణం వెనక సైకిల్ జారిన చప్పుడు.

శశిధర్ మొరంలో పడి ఉన్నాడు. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది. ఎవరూ కేకలు వేయలేదు. అడవి కదా అని అప్పుడు కూడా గొంతులు తగ్గించే మాట్లాడారు.

సూర్యాపేట దవాఖానలో కాలర్ బోన్ విరిగిందన్నారు. బయట బెంచీ మీద కూర్చున్న వందనను ధర్మేందర్ ఒక్కటే అడిగాడు.

"చెయ్యి సూపినవా బిడ్డా?"

ఆమెకు గుర్తు రాలేదు. జింక గుర్తుంది, దాని పిల్ల గుర్తుంది. చెయ్యి గుర్తు లేదు. రోజూ చేసే పనిని చేశామో లేదో ఎవరికి గుర్తుంటుంది? తలుపుకు తాళం వేసి, వీధి చివర నుంచి వెనక్కి వచ్చి చూసుకునేవాళ్ళు ఎంతమంది లేరు? కానీ తాళమైతే చూసుకోవచ్చు. గాలిలో చూపిన చెయ్యిని ఎక్కడికి పోయి చూసుకోవాలి?

"యాదికొస్తలేదన్నా," అంది.

బృందంలో ఒక పద్ధతి ఉంది. సైగ తప్పినవాళ్ళు వరుసకు ముందుండకూడదు. అది ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రం ఆమె శశిధర్‌కు మెసేజ్ పెట్టింది. తన వల్లే ఇలా జరిగిందని, క్షమించమని. కోదాడలో మంచం మీద పడుకుని శశిధర్ ఎడమ చేత్తో చాలాసేపు ఏదో రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. నిజం రాయాలంటే మొత్తం రాయాలి. ఇంతవరకూ తనను పేరు పెట్టి కూడా పిలవని అమ్మాయికి మొత్తం ఎలా రాయడం? చివరికి "పర్లేదు" అని పంపాడు.

తప్పు లేనివాళ్ళతో పర్లేదని ఎందుకంటారు? వందన ఆ మాటను చాలాసార్లు చదువుకుంది. మర్నాడు నాన్నతో తానే చెప్పింది, ఇక సైకిల్ తొక్కనని. ఒకరి కొడుకు చెయ్యి విరిగిందని అప్పటికే దిగులు పడుతున్న జనార్దన్ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. తిరుమలగిరిలో ఉన్న తమ్ముడి కూతురికి, దసరాకు వచ్చినప్పుడు సైకిల్ ఇచ్చేద్దామన్నాడు. వందన తలూపింది. కౌసల్య మాత్రం ఆ రాత్రి కూతురి కంచంలో అన్నం అలాగే ఉండిపోవడం చూసింది.

దసరా దగ్గర పడ్డాక ధర్మేందర్ పరామర్శకు ఫోన్ చేసినప్పుడు శశిధర్‌కు ఈ సంగతి తెలిసింది. వందన మానేసిందని, ముందుండటానికి వేరే అమ్మాయిని చూస్తున్నామని. ఫోన్ పెట్టేసిన కాసేపటికే, చెయ్యి కట్టుతోనే, అతను సూర్యాపేట బస్సెక్కాడు.

ఇంటికి వచ్చిన అతన్ని చూసి జనార్దన్ నొచ్చుకుంటూ లేచాడు. "కూసో బాబూ. నేనే రావాలనుకుంటున్న. మా పిల్ల పరాకు తోటి నీకు గింత కష్టమొచ్చింది."

"ఆమె పరాకు కాదండీ," అన్నాడు శశిధర్, కూర్చోకుండా. "ఆమె చెయ్యి చూపించింది. ఎడమ చెయ్యి, కిందికి. నేనే రోడ్డు చూడలేదు."

వంటింటి గడపలో వందన ఆగిపోయింది.

"ముంగట మనిషి చెయ్యి కనవడ్డంక గూడ రోడ్డు సూడలేదా? మరి దేన్ని సూసినవ్?" అని అడిగాడు జనార్దన్.

శశిధర్ తల దించుకున్నాడు. "ఆమె జింకను చూసి నవ్విందండీ. మలుపు కదా, పక్కనుంచి మొహం కనిపించింది. ఎప్పుడూ అట్లా నవ్వగా చూడలేదు." ఆగి, కిందికే చూస్తూ అన్నాడు. "ఇది చెప్పాల్సి వస్తుందనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

జనార్దన్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకోలేదు. ఇలాంటి మాటకు కోప్పడాలో ఏం చెయ్యాలో ఆయనకు తెలిసినట్టు లేదు.

"చెయ్యి మాననీ," అన్నాడు చివరికి. "మానినంక మీ అమ్మానాయినలను తోలుకొని రా. గప్పుడు మాట్లాడుదం."

"ముందుగాల పిల్లను అడగరాదుండ్రి," అంది కౌసల్య.

అప్పటికే వందన గడపలో లేదు. శశిధర్ బయటికి వస్తే గేటు దగ్గర నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది సిగ్గు కాదని అతనికి వెంటనే తెలిసింది.

"శశిధర్ గారూ," అంది. ఆ పిలుపు అతను కోరుకున్నట్టు లేదు. "నా చెయ్యిని నేనే నమ్మకుంట అయిన. దుకాణంల కీబోర్డు మీద కొట్టిన లెక్కను గూడ మళ్ళ మళ్ళ సూసుకున్న. మీకు చెప్పనీకి సిగ్గయింది. మరి నాకేమయిందో ఆలోచించిండ్రా?"

"తప్పు నాదే. ఏం చెయ్యమంటారు?"

"నవ్వు సంగతి ఇంట్ల చెప్పిండ్రు, చాలు. చెయ్యి సంగతి మాత్రం అందరి ముందట చెప్పాలె."

ఆదివారం అడవి గేటు దగ్గర సైకిళ్ళన్నీ చేరాక శశిధర్ చెప్పాడు. ఆమె సైగ చేసిందని, తాను చూడలేదని, ఇంతకాలం చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పని. "మరి దేన్ని..." అంటూ మొదలుపెట్టిన ధర్మేందర్, తలవంచుకుని సైకిల్ చైను సరిచేస్తున్నట్టు కూర్చున్న వందన వైపు ఒకసారి చూసి, మిగతా మాట మింగేశాడు. "ముంగట నడువు బిడ్డా," అన్నాడు ఆమెతో.

మూడు ఊళ్ళ ప్రయాణంలో వందన ముందుంది. కోదాడ దాటాక ఎదురుగాలి వచ్చింది. మిర్యాలగూడ దగ్గర రైసు మిల్లుల ఊక కళ్ళలో పడింది. ఆమె చెయ్యి ఎక్కడా తడబడలేదు. నీళ్ళ డబ్బాలు మోస్తూ వెనక వచ్చిన ఆటోలో కూర్చుని, చేతికి కట్టుతోనే శశిధర్ అంతా చూశాడు. ఆగిన ప్రతిచోటా ఆమెకు నీళ్ళు అందించాడు. ఆమె తాగి సీసా తిరిగి ఇచ్చింది. పెళ్ళి మాటకు జవాబు మాత్రం ఇవ్వలేదు. అతను అడగలేదు.

చలి ముదిరాక డాక్టరు సైకిల్ తొక్కవచ్చన్నాడు. ఆ ఆదివారం రాచగుట్ట చుట్టూ శశిధర్ అందరికన్నా చివర వెళ్ళాడు, కళ్ళు రోడ్డు మీది నుంచి తిప్పకుండా. కోట వెనక మలుపు దాటాడు. అడవి గేటు దాటాడు. సూర్యాపేట రోడ్డు ఎక్కాక మిగతావాళ్ళు వేగం పెంచి ముందుకు పోయారు. వందన మెల్లగా వెనకబడింది. అలవాటుగా శశిధర్ ఆమె వెనక చేరబోయాడు.

"వెనుక రాకుండ్రి," అంది ఆమె, తల తిప్పకుండానే.

బ్రేకు మీద వేళ్ళు బిగిశాయి.

"ఎందుకండీ?"

"వెనుకొస్తే మొహం కనవడదు. సూడబోయి మళ్ళ పడ్తరు." ఆమె సైకిల్‌ను కొంచెం అంచుకు జరిపింది, రోడ్డు మీద ఇంకొకరికి చోటు ఉండేట్టు. "పక్కకు రాండ్రి."