మూడో పేరు చెరగడం లేదు

"పన్నెండింటికి ఆ లిస్టు వాళ్ల బోర్డ్‌రూమ్ తెర మీదికి వస్తుంది," అన్నాడు చీఫ్. "ముఠాలో మనం పెట్టిన ఏడుగురి పేర్లు. మూడోది మీ అక్కది."

గూఢచారి డేగ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. విదేశీ ముఠా బాస్‌కి సెక్రటరీగా, హైహీల్స్ టకటకలాడిస్తూ ఆరేళ్లుగా డబుల్ ఏజెంట్ నాటకం నెట్టుకొస్తున్నది అతని సొంత అక్కే మరి!

"సర్వర్ పేల్చేస్తాను సార్."

"పేలిస్తే వేరే దేశాల్లో కాపీలు మిగులుతాయి. అక్కడ కూర్చుని డిలీట్ కొడితేనే అన్నిచోట్లా పోతుంది. బయల్దేరు."

పదకొండూ నలభై తొమ్మిదికి ఏసీ మెకానిక్ వేషంలో డేగ సర్వర్ రూమ్‌లో ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన గాడ్జెట్ పాస్‌వర్డ్‌ని చిటికెలో పట్టేసింది. ఏడు పేర్లూ కనిపించాయి. డిలీట్ నొక్కాడు.

'ఆపరేషన్ విఫలమైంది. అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.'

ఎందుకు విఫలమైందో కూడా రాసి చావొచ్చుగా! మళ్లీ నొక్కాడు. అదే. అక్క పేరొక్కటే ఎంచుకుని నొక్కాడు. అదే. తుపాకీ గురిపెట్టినవాణ్ణయితే బెదిరించొచ్చు, బతిమాలొచ్చు. ఈ ముక్కతో ఏం మాట్లాడతాడు?

ఇయర్‌పీస్‌లో గుసగుస. "ఒరేయ్, అందరూ వచ్చేశారు. ప్రొజెక్టర్ పెట్టమంటున్నారు. ఏమైందిరా?"

"చెరగట్లేదక్కా. ఏదో వంక పెట్టి వచ్చెయ్."

"తలుపు దగ్గర ఇద్దరున్నారు." అక్క గొంతు ఇంకా తగ్గించింది. "అమ్మకి నువ్వే ఏదో ఒకటి చెప్పు."

డేగ చుట్టూ చూశాడు. ఇంకా ఐదు నిమిషాలు. గోడకి ఇంటర్‌కమ్ నంబర్ల కాగితం అంటించి ఉంది. అడ్మినిస్ట్రేటర్, నూట పద్నాలుగు. శత్రువుల మనిషే. అయినా వేరే దారేదీ? నంబరు నొక్కాడు.

"విఫలమైందని వచ్చిందా?" హలో కూడా లేదు. రోజుకి నలభైమంది ఇదే గోల పెట్టి తిడుతుంటే, ఎవరు, ఎందుకు అని అడిగే ఓపిక ఆ మనిషికి ఎప్పుడో పోయింది.

"అవునండీ. పేర్లు చెరపాలి. కాస్త చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"వాటికి ఫొటోలు తగిలించి ఉంటాయండీ. ఫొటో ఉండగా పేరు పోనివ్వదు. పక్కనే ఫొటోల పట్టిక ఉంటుంది, అది తెరిచి ముందు ఫొటోలు తీసెయ్యండి. ఆ మాటే మెసేజ్‌లో పెట్టండ్రా బాబూ అని మొత్తుకున్నాను, వింటేగా!"

ఒక్కో ఫొటో తీసేశాడు. తర్వాత పేర్లు. పన్నెండుకి ఇంకా ఎనిమిది సెకన్లున్నాయనగా తెర ఖాళీ అయింది.

ఇయర్‌పీస్‌లో బాస్ కేకలు. వాటి మధ్య, "కాఫీ తెప్పించమంటారా సార్?" అంటున్న అక్క గొంతు. డేగ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. రిసీవర్ ఇంకా చేతిలోనే ఉంది.

"పోయాయండీ. చాలా థ్యాంక్స్."

"అయ్యో! పదేళ్లలో ఈ ఆఫీసులో నాకు థ్యాంక్స్ చెప్పింది మీరొక్కరే. ఏ సెక్షన్ సార్ మీది?"

"ఇవాళే మానేస్తున్నానండీ."

అడ్మినిస్ట్రేటర్ నిట్టూర్చాడు. "మంచివాళ్లెవరూ ఇక్కడ నిలవరు సార్."