మిల్లు ఆగినప్పుడు వచ్చే చప్పుడు

హెడ్ కానిస్టేబుల్ ఆదినారాయణ శవం పోలీసు వ్యాన్‌లోనే దొరికింది. చేతిలో వైర్‌లెస్ మైకు అలాగే ఉంది. 1958లో ఓ మధ్యాహ్నం. పులివెందులకు కూతవేటు దూరంలో, రెండు వర్గాల కొట్లాట ఆపబోయి, సాయం కోసం స్టేషన్‌ను పిలుస్తూ ప్రాణం వదిలాడు.

ఆ పిలుపు దూరాన ప్రొద్దుటూరులో విన్నారు. పులివెందులలో వినలేదు.

అక్కడి వైర్‌లెస్ ఆపరేటర్ నూరుల్లా ఓ వర్గానికి అమ్ముడుపోయాడని ఊరు ఊరంతా కోడై కూసింది. అతనికి జైలు తప్పేట్టు లేదు. పైగా ఆ రోజు నుంచీ సాయంత్రం ఐదింటికి సెట్టు దానంతట అదే టక్‌మంటోంది. ఆదినారాయణే వచ్చి పిలుస్తున్నాడని కానిస్టేబుళ్లు ఆ గది ఛాయలకు పోవడం మానేశారు. అతని భార్య సుబ్బరత్నమ్మ మాత్రం రోజూ వచ్చి వరండాలో కూర్చునేది.

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ త్రివిక్రమరావుకు దయ్యాల మీద నమ్మకం లేదు. నేరుగా ఆ గదిలోకి వెళ్లి నూరుల్లాను పిలిపించాడు.

"ఆ పూట ఎక్కడికైనా వెళ్లావా?"

"ఈడనే ఉండా సార్. పొద్దున రిపోర్టు చెప్పినా. ఆమీట ఎవురూ పలకల్యా."

"బల్ల ఎప్పుడూ ఈ గోడకేనా?"

"లేదు సార్. తూర్పు మొగం పెట్టి కూర్చుంటే మంచిదని ఆదినారాయణన్నే జరిపించినాడు. చచ్చిపోయే ముందు దినం రాత్రి."

గోడ మేకుకు తాళాల గుత్తి ఉంది. తాళాలు కిందికి వేలాడటం లేదు. గోడకు అతుక్కుని ఉన్నాయి. లాగి వదిలితే మళ్లీ అతుక్కున్నాయి.

గోడ అవతల ముగ్గురాయిని పొడి చేసే మిల్లు. అక్కడి ఫోర్‌మన్ ఖాదర్‌ను పిలిపించాడు.

"పొడిలో ఇనుము ఏరేదానికి కరెంటు అయస్కాంతం సార్. శానా పెద్దది. ఐదింటికి ఆపుతాం."

త్రివిక్రమరావు అందరినీ గదిలోకి పిలిచి సెట్టు మూత తెరిచాడు.

"ఇది రిలే. మాట్లాడి బటన్ వదిలితే స్ప్రింగు దీన్ని వెనక్కి లాగి, ఏరియల్‌ను వినే వైపుకు మార్చాలి. కానీ దీని రేకు ఇనుము. అవతలి అయస్కాంతం పట్టుకుని వదల్లేదు. నూరుల్లా చెవులు తెరుచుకునే కూర్చున్నాడు, సెట్టుకే చెవుడు. ఐదింటికి మిల్లు ఆగినప్పుడు రేకు టక్‌మని విడుతుంది. మీ దయ్యం అదే."

"స్ప్రింగు బిగిస్తే?" నూరుల్లా అడిగాడు.

"ఎంత బిగించినా నమ్మలేం. ఇక్కడ ఇనుమే లేని స్విచ్ కావాలి."

పింగాణీ దిమ్మ మీద రాగి రేకులున్న చేతి స్విచ్ తెప్పించి, రిలే తీసేసి బిగించారు.

సుబ్బరత్నమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. "బల్ల ఈడికి జరిపిందెవురప్పా?"

ఇన్‌స్పెక్టర్ నోరు విప్పేలోగా నూరుల్లా అన్నాడు. "నేనేమ్మా."

ఒక్క క్షణం కింద నిర్దోషిగా తేలినవాడు. అతని మీద త్రివిక్రమరావుకు గౌరవం కలిగింది.

"అబద్దం చెప్పొద్దు నాయనా. ఆయప్ప ఇంట్లో నాతో చెప్పినాడు."

అవతల మిల్లు ఆగింది. అందరి కళ్లూ సెట్టు మీదికి పోయాయి. చప్పుడు లేదు. కానిస్టేబుళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంక పలకదా సామీ?" అని అడిగిందామె.

"పలకదమ్మా."

సుబ్బరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది వినేదానికే రోజూ వస్తాంటి."