ఎడమ కాలి తప్పు

ఆదివారం పొద్దున్నే టీచరమ్మ ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కింది, దానికంటే ముందు ఆవిడ వేడెక్కింది. భర్త చొక్కా ఇస్త్రీ చేస్తుండగా కూతురు వచ్చి, ఫుట్‌బాల్ బూట్లని పాత గుడ్డలో చుట్టి అటక మీదికి విసిరేసింది.

"అదేంటే, అక్కడ పెట్టావు?"

"ఇక ఆడనమ్మా. ఉద్యోగం చూసుకుంటాను."

ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే పిల్ల అది. తండ్రి ఒక పెద్ద మహిళా ఫుట్‌బాల్ క్లబ్‌లో కోచ్. పెద్ద జట్టులో ఇంకా చోటు దొరకని అమ్మాయిల్ని ఆ క్లబ్ పక్క ఊరి చిన్న జట్టుకి పంపుతుంది. అక్కడ ఆడి రాటుదేలాక వెనక్కి తెచ్చుకుంటుంది. దాన్ని అనుబంధ జట్టు అంటారు. దాని కోచ్ ఎవరో కాదు, టీచరమ్మ సొంత తమ్ముడే. మేనమామ దగ్గరికే కదా అని ఆవిడ కూతుర్ని సంబరంగా పంపింది.

తీరా చూస్తే పోయినేడంతా పిల్ల బెంచీకే అతుక్కుపోయింది. ఎందుకని అడిగితే, ఎడమ కాలిలో బలం లేదన్నాడట మేనమామ. పిడుగు రోజూ సాయంత్రం పెరటి గోడకేసి ఎడమ కాలితోనే బంతి కొట్టింది. గోడకి సున్నం రాలింది, పక్కింటివాళ్లు పోట్లాటకొచ్చారు, అయినా పిల్లకి బెంచీ మీంచి లేచే రోజు రాలేదు.

టీచరమ్మ తమ్ముడితో మాటలు మానేసింది. మరదలికి పెద్ద ఆపరేషన్ అయితే చూడ్డానికి కూడా వెళ్లలేదు. భర్త వెళ్లమని అనలేదు, వద్దనీ అనలేదు.

"ఇవాళ మీ క్లబ్ కమిటీ ఏం తేలుస్తుంది?" చొక్కా అందిస్తూ అడిగింది.

"అనుబంధ జట్టుని ఉంచాలా, తీసేసి మనమే ఇక్కడ జూనియర్ జట్టు పెట్టుకోవాలా అని. ఉంచమనే నేను చెబుతాను."

"మా తమ్ముడి చేతుల్లో ఉన్నదాన్ని ఉంచమని ఏ నోటితో చెబుతారండీ? కన్నకూతురు ఆట వదిలేస్తుంటే మీకు చీమ కుట్టినట్టు కూడా లేదా?"

కోచ్ గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు. అప్పుడే గుమ్మంలో తమ్ముడు కనిపించాడు. కమిటీ అతన్ని కూడా రమ్మంది. అక్కడ చెప్పబోయేది ముందుగా బావ చెవిన వేద్దామని వచ్చాడు.

"ఏ ముఖం పెట్టుకుని వచ్చావురా?" టీచరమ్మ విరుచుకుపడింది. "చిన్నప్పుడు నిన్ను చంకన వేసుకుని తిప్పినందుకా, నా కూతుర్ని ఏడాదంతా కూర్చోబెట్టావు?"

తమ్ముడు బావ వైపు తిరిగాడు.

"మీరు చెబుతారా బావా, నన్ను చెప్పమంటారా?"

కోచ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"బావ క్లబ్ పంపిన పిల్లల్లో ఎవరు ఆడాలో నేను చెప్పేది కాదక్కా. ఒప్పందం అలా రాసుకున్నారు. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే బావ ఫోన్ చేసి చెబుతారు."

టీచరమ్మకి ఆ ఫోన్లు గుర్తొచ్చాయి. ఆయన ముందుగదిలో మాట్లాడుతుంటే కాఫీ ఇచ్చి, టీవీ తగ్గించి, ఆయనకి అడ్డం రాకూడదని తలుపు దగ్గరగా వేసి వచ్చింది తనే. కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టే మాటలకి తనే కాపలా కాసింది.

"నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు కోచ్. "బావమరిది జట్టు, సొంత కూతురు. క్లబ్‌ని ఇల్లు చేసుకున్నాడనరూ? ఇంకొన్నాళ్లు ఆగితే ఎవరూ వేలెత్తి చూపరని అనుకున్నాను."

"నేను మా తమ్ముడి ముఖం చూడ్డం మానేసినా ఆగారు. మరదలు మంచాన పడినా ఆగారు. ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిడుగు మేనమామనే చూస్తోంది.

"మరి నా ఎడమ కాలు, మావయ్యా?"

"నీ కాలికేం తల్లీ, బంగారంలా ఉంది. ఎందుకు ఆడించట్లేదని నువ్వడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. బావ పేరు చెప్పలేక నోటికొచ్చింది చెప్పాను."

"నాకు ఆట రాదనుకున్నాను," అంది పిల్ల. ఏడవకుండా అంది. ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి.

కోచ్ కుర్చీలో కూలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఆ మాట ఎవరికీ చాలలేదు.

"పద్ధతి చెడ్డది కాదు బావా," తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. "చిన్న జట్టులో ఓడుతూ గెలుస్తూనే పిల్లలు నేర్చుకుంటారు. కానీ ఇక్కణ్ణించి ఫోన్లో ఆడిస్తే అది మీ జట్టూ కాదు, నా జట్టూ కాదు. ఎవరు ఆడాలో నేనే నిర్ణయిస్తాను, లేదా ఒప్పందం వదిలేస్తాను. కమిటీలో ఇదే చెబుతాను."

"ఫోన్లు చేసింది నేనేనని నేనే చెబుతాను," అన్నాడు కోచ్.

పిడుగు స్టూలెక్కి బూట్లు దించింది. "నేను బాగా ఆడకపోతే కూర్చోబెడతావా మావయ్యా?"

"కూర్చోబెడతాను."

"ఈసారి నిజం కారణం చెప్పు."

ఆ పిల్ల పెరట్లోకి వెళ్లిపోయింది. తండ్రి వైపు చూడలేదు. కాసేపటికి గోడ మీద బంతి చప్పుడు మొదలైంది.

టీచరమ్మ తమ్ముడి ఎదుట నిలబడింది. అడగడానికి ముఖం చెల్లలేదు, అయినా అడిగింది.

"మరదలికి ఎలా ఉందిరా?"

"ఇప్పుడు నడుస్తోందక్కా. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తలుపు చప్పుడైతే చాలు, వదినేమో చూడమనేది."

టీచరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.