ట్రస్టీ గారి ఇంటి గుడ్లు

తెల్లారగానే దైవాధీనం కోళ్ళకు హాజరు వేస్తున్నాడు.

"బొర్రా! ఉన్నావా? చిమిడిపల్లీ! ఊఁ. ఏటే శిమిలిగూడా, ఇవాళా లేటేనా?"

టైడా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఘాటు మీది స్టేషన్ల పేర్లన్నీ తన పెట్టలకు పెట్టుకున్నాడు. పుంజు పేరు గార్డు. బొంగులో చికెన్ అమ్మి బతికే అరకులో ఉంటూ కోళ్ళతో ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి మరొకడు లేడని అతని భార్య తెరిసమ్మ అభిప్రాయం. అందులో సగం మర్యాదైనా తనకు దక్కలేదని కూడా ఆవిడ అభిప్రాయమే.

వంటింటి కిటికీలోంచి తెరిసమ్మ గట్టిగా చెప్పింది. "ఏవండీ! బుధవారం నేను ఎస్.కోట ఎళ్తన్నాను. ట్రైనింగుకి."

"ఏటి ట్రైనింగు?"

"ట్రస్టీ ట్రైనింగు."

దైవాధీనం చేతిలోని నూకలన్నీ ఒక్కచోటే కుప్పగా పడ్డాయి. గార్డు పండగ చేసుకుంది. "సంతకం ఎట్టడానికి ట్రైనింగేటే? ఇన్నాళ్ళూ ఎట్టలేదా?"

"అదే కదా నా బాధ!" అంది తెరిసమ్మ.

ఆవిడ బాధకు కారణం సమోసాలు. దైవాధీనం తల్లి మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. కొండల మీద ఊళ్ళ నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణాలు పోవడం చూసి చూసి, ఉద్యోగం అయిపోయాక ఒక ట్రస్టు పెట్టింది. నెలలు నిండినవాళ్ళను ముందే తెచ్చుకుని, తిండి పెట్టి, నొప్పులు మొదలవగానే ఆసుపత్రికి చేర్చే ఇల్లు అది. ఊళ్ళో అందరూ మార్తమ్మ ఇల్లనే అంటారు. ముసలావిడ పోయాక ఆ కుర్చీలో కోడలిని కూర్చోబెట్టారు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మీటింగుకు వెళ్ళడం, చూపించిన చోట సంతకం పెట్టడం, వెళ్ళేటప్పుడు అందరికీ సమోసాలు పట్టుకెళ్ళడం. ఇంతే.

పోయిన నెలలో ఇల్లు చూడ్డానికి విశాఖపట్నం నుంచి ఒక దాత వచ్చాడు. "అమ్మా, ట్రస్టీగా మీ బాధ్యతలేమిటి?" అని మర్యాదగానే అడిగాడు.

తెరిసమ్మ కంగారులో "సమోసాలండీ" అంది.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి బాత్రూం తలుపేసుకుని ఏడ్చింది. గోడ మీద ఫొటోలో అత్తగారు తెల్ల నర్సు టోపీ పెట్టుకుని సూటిగా చూస్తుంటే, నెల రోజులుగా ఆ గది తుడవడం కూడా కూతురి చేతే చేయిస్తోంది.

నేర్చుకుందామంటే నేర్పేవాళ్ళు దొరకాలిగా! ట్రస్టు ప్రెసిడెంటు సర్వేశ్వరరావు మాస్టారిని అడిగితే, "మీ అత్తగారి మంచితనం మీకుంది, అంతకంటే ట్రైనింగ్ ఏముంటుందమ్మా" అని సమోసా అందుకున్నారు. ఆడిటరును అడిగితే ఇటుకంత ఇంగ్లీషు చట్టం పుస్తకం పంపాడు. మూడో రోజుకల్లా అది దైవాధీనం గుడ్ల బుట్ట మీద మూతయింది. పాస్టరు గారిని అడిగితే కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. చేసినంతసేపూ బాగానే ఉంది. చివరికి గురుకులం బడిలో పాఠాలు చెప్పే కూతురు మెర్లిన్ ఫోన్లో వెతికి వెతికి పట్టుకుంది. చిన్న చిన్న ట్రస్టుల్లో ఉండేవాళ్ళకు తెలుగులోనే రెండు రోజుల శిక్షణ, ఎస్.కోటలో. భోజనం ఉచితం.

"భోజనం ఉచితమంటే ఏదో మోసం ఉంటాది" అన్నాడు దైవాధీనం. అన్నాడే గానీ, బుధవారం స్టేషన్‌కు సంచీ మోసుకొచ్చి రైలెక్కించాడు. బండి కదిలేదాకా పాయింట్లు సరిగ్గా వేశారో లేదో అని చక్రాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

శిక్షణలో తెరిసమ్మ పక్క కుర్చీలో జి.మాడుగుల నుంచి వచ్చిన రమణి కూర్చుంది. చదువు మానేసిన ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ట్రస్టులో సభ్యురాలు. చేతిలో రాగిజావ సీసా, మొహాన ఎప్పుడూ నవ్వు.

"అక్కా, నాను మొదటి మీటింగులో నిద్దరోయినాను" అంది పరిచయమైన వెంటనే. "లేపి సంతకం ఎట్టించినారు."

తెరిసమ్మకు ప్రాణం లేచొచ్చింది. లోకంలో తనొక్కతే కాదన్నమాట. సమోసాల కథ చెప్పేసింది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

రెండో రోజు పాఠం చెప్పే ఆవిడ ఒక మాట అంది. "మీ ఇంటికి లాభం వచ్చే విషయం మీటింగులోకి వస్తే, ఆ సంగతి ముందే చెప్పి బయటికెళ్ళి కూర్చోండి. మీరు దొంగలని కాదు. మీరు ఎదురుగా ఉంటే మిగతావాళ్ళు నోరు విప్పలేరు."

తెరిసమ్మ నవ్వు ఆగిపోయింది. మార్తమ్మ ఇంటికి గుడ్లు వచ్చేది ఎక్కడి నుంచి? బొర్రా నుంచి, చిమిడిపల్లి నుంచి, లేటుగా వచ్చే శిమిలిగూడ నుంచి!

"మా ఇంటాయన కోళ్ళున్నాయమ్మా" అంది రమణితో నీరసంగా.

"మా అన్న మేస్త్రీ. మా కుట్టు షెడ్డు ఆడే కడతానన్నాడు. నాను బయటికెళ్ళి కూకున్నాను. ఇంకోడికి ఇచ్చినారు. మా అన్న మాటలు మానేసినాడు."

"ఓలమ్మా! ఇప్పుడో?"

"ఇప్పుడు మాటాడతన్నాడులే. నా నంబరు రాసుకో అక్కా. ఇంట్లో గొడవైతే ఫోన్ సెయ్యి. గొడవ అవుతాది."

అయింది. తిరిగొచ్చిన మర్నాడు ఉదయం, దైవాధీనం మార్తమ్మ ఇంటికి పంపే గుడ్లు బుట్టలో పేరుస్తున్నప్పుడే తెరిసమ్మ ఊసెత్తింది.

"వచ్చే వారం శనివారం మీటింగులో గుడ్ల సంగతి పెడతన్నాను. అప్పుడు నేను బయట కూకుంటాను."

"గుడ్ల సంగతేటి? గుడ్లు గుడ్లే."

"మన గుడ్లు కాబట్టి నేను లోపల ఉండకూడదండీ. కొనాలో వద్దో వాళ్ళు తేల్చుకోవాల."

"మా అమ్మ పేరెట్టిన ఇంటికి నా గుడ్లు కొనాలో వద్దో తేల్సుకుంటారా!" దైవాధీనం లేచి నిలబడ్డాడు. "ఎస్.కోటలో అన్నం ఎట్టి నేర్పింది ఇదా? మొగుడి మీద మీటింగెట్టడం?"

"మీ మీద కాదు, గుడ్ల మీద."

"నా గుడ్లంటే నేను కాదేటి! అయినా నువ్వు బయటికెల్లడం ఏటే? నువ్వు కూకున్నావనే కదా ఇన్నాళ్ళూ ఎవడూ ఒక్క మాట..."

చటుక్కున ఆగిపోయాడు. బడికి బయల్దేరబోతూ తల దువ్వుకుంటున్న మెర్లిన్ తండ్రి వంక చూసింది.

"నేను కూకున్నానని ఏటండీ?" అంది తెరిసమ్మ మెల్లగా.

"ఏటీ లేదు" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"నాన్న నోరు జారారమ్మా" అంది మెర్లిన్.

ఆ రోజు నుంచి దైవాధీనం భార్యతో మాటలు బంద్. చెప్పాల్సినవన్నీ కోళ్ళకు చెప్పేవాడు. "కరకవలసా, టీలో పంచదార లేదని మీ అమ్మగారికి సెప్పు." "బొర్రా, నా కళ్ళజోడు ఎవరు తీసీసారో కనుక్కో." తెరిసమ్మకు ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఏడుపొచ్చేది. కాపురానికొచ్చాక ఈ మనిషి తనతో ఒక్క పూట కూడా మాట్లాడకుండా ఉన్నది లేదు. మానేద్దామా ఈ ట్రస్టీ గిరీ అనుకుంది. రాజీనామా ఇచ్చేస్తే ఇంట్లో టీ, కళ్ళజోడు, మాటలు అన్నీ మళ్ళీ మామూలే.

దొడ్లోకి వెళ్ళి రమణికి ఫోన్ చేసింది. "మానేత్తాను రమణీ. నాకు నా మొగుడు కావాల."

అవతల కుట్టు మిషన్ల చప్పుడు ఆగింది. "మానీ అక్కా. కానీ శనివారం ఎళ్ళొచ్చి మానీ. మా అన్న అలిగినప్పుడు నానూ ఇలాగే ఏడిసినాను. ఆ కుర్చీలో నువ్వు లేకపోతే ఇంకొకలు సమోసాలు తెస్తారు, అంతే."

శనివారం తెరిసమ్మ సమోసాలు తీసుకెళ్ళలేదు. సర్వేశ్వరరావు మాస్టారు ఆవిడ చేతుల వంక రెండుసార్లు చూశారు. గుడ్ల విషయం రాగానే ఆవిడ లేచింది.

"మాస్టారూ, ఈ గుడ్లు మా ఇంటివి. అందుకని నేనుండను. ముత్యాలమ్మని పిలిచి అడగండి. వండేది తనే కదా."

"ఎందుకమ్మా ఇదంతా, మన దైవాధీనం గుడ్లకేం..." అంటుండగానే ఆవిడ వరండాలోకి వచ్చేసింది.

వరండా బల్ల మీద అప్పటికే దైవాధీనం కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో గుడ్ల బుట్ట పెట్టుకుని ఉన్నాడు. ఎవడైనా వంక పెడితే అక్కడే పగలగొట్టి చూపించడానికి. భార్య పక్కకొచ్చి కూర్చుంటే కాస్త జరిగాడు. మాట్లాడలేదు. మాట్లాడదామన్నా వినడానికి అక్కడ కోళ్ళు లేవు.

లోపలికి ముత్యాలమ్మ వెళ్ళింది. ఆ ఇంటి వంటమనిషి. ఆవిడ రహస్యం చెప్పినా సుంకరమెట్ట సంతలో వినబడుతుంది. తలుపు మూసినా లాభం లేకపోయింది.

"అడిగినారు కాబట్టి సెప్తన్నాను బాబూ! ఆ గుడ్లు ఎవులూ తినడం నేదు. ఆయన పెట్టలు కాఫీ మొక్కల కింద దాసి ఎడతాయి, పొదుగుతాయి. ఆయనకి ఎప్పుడు దొరికితే అప్పుడు తెచ్చీస్తారు. మొన్న బేబి అనే గుంట ఒలిస్తే లోపల ఈకల్తో పిల్ల ఉంది! కడుపుతో ఉన్న మనిషి ఎదర సచ్చిన పిల్ల! రెండు రోజులు అన్నం ముట్టనేదు. అప్పుటి నుంచి ఎవులికీ గుడ్డు ఎట్టనేదు. అన్నీ మునగసెట్టు కింద పాతేస్తన్నాను. సెట్టు మాత్రం బాగా కాస్తంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" మాస్టారి గొంతు.

"ఎలాగ సెప్తాను బాబూ? తెరిసమ్మ గారు ఎదురుగా కూకుని నవ్వుతా సమోసా ఎడతంటే, మీ ఆయన గుడ్లు కుళ్ళినాయని ఎలాగ సెప్పను? అందులోనా మార్తమ్మ గారి కొడుకు!"

లోపల మాస్టారు ఇబ్బందిగా దగ్గి, "నాకూ తెలుసులే ముత్యాలమ్మా. ఒకసారి నేనూ ఒలిచాను" అన్నారు.

వరండాలో తెరిసమ్మ తల దించుకుంది. తను ఏ పాపం చెయ్యకుండా, కేవలం నవ్వుతూ కూర్చుని, కడుపుతో ఉన్న ఆ పిల్లల నోటి దగ్గరి తిండి ఆపేసింది. ఆ సంగతి గుండెలో గుచ్చుకుంది. కళ్ళనీళ్ళు చీర మీద పడ్డాయి. పక్కకు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

మాస్టారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. దైవాధీనాన్ని చూసి గతుక్కుమన్నారు. "అదీ... దైవాధీనం... ప్రస్తుతానికి గుడ్లు దుకాణం నుంచి..."

"వినేసాం మాస్టారూ" అన్నాడు దైవాధీనం. బుట్ట ఎత్తుకుని, భార్య వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తెరిసమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఇంకా మూడు విషయాలు మిగిలున్నాయి. అన్నిటికీ ప్రశ్నలు అడిగింది. దేనికీ చదవకుండా సంతకం పెట్టలేదు.

ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. కోళ్ళ గూటి దగ్గర వెలుగు కనిపించింది. దైవాధీనం ముక్కాలిపీట మీద కూర్చుని, రిటైరైన రోజున స్టేషన్ వాళ్ళు గుర్తుగా ఇచ్చిన పాత చేతిదీపం వెలిగించి, దాని అద్దం మీద ఒక్కో గుడ్డూ ఆనించి చూస్తున్నాడు. ఎదురుగా రెండు గిన్నెలు. పక్కనే మెర్లిన్, ఫోన్లో చూసి ఏ గుడ్డు ఎలా కనబడాలో చెబుతోంది. తల్లిని చూసి మెల్లగా లోపలికి జారుకుంది.

"ఇలా రా తెరిసా" అన్నాడు.

కోళ్ళకు కాదు, తనకే చెప్పాడు. తెరిసమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఇదిగో, ఇది మంచిది. లోపలంతా తేటగా ఉంది. ఇది సూడు, ఎర్రగా నరాలు." ఆ గుడ్డును రెండో గిన్నెలో పెట్టాడు. "ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఎర్రదీపం మీద బండి వదల్లేదు నేను. మా అమ్మ ఇంటికి మాత్రం ఇన్నాళ్ళూ సూసుకోకుండా వదిలీసాను. అమ్మే ఉంటే నా వీపు విమానం మోత మోగించేది."

"ఆవిడైతే ఎవరూ చెప్పకముందే కనిపెట్టేది. నాకే చేతకాలేదు" అంది తెరిసమ్మ.

"నీకు సేతనయ్యే కదా నేను ఇలాగ కూకున్నాను!" అన్నాడు దైవాధీనం కళ్ళు తుడుచుకుంటూ. ట్రస్టు ఆఫీసుకు వచ్చిన కొత్త మనిషిలా గొంతు సవరించుకున్నాడు. "ఇలాగ పరీక్ష సేసి తెస్తే... మళ్ళీ అడగొచ్చా, మీ ట్రస్టుని?"

"అడగొచ్చు. మీకూ ఆ దుకాణం వాళ్ళకీ ఒకటే లెక్క. నేను మాత్రం ఆ రోజు వరండాలోనే కూకుంటాను."

"అయితే నేనూ వచ్చి నీ పక్కన కూకుంటాను. లోపల ఏటన్నా అననీ." దీపం మీద ఇంకో గుడ్డు ఆనించి చూశాడు. "అన్నట్టు, ఇవాళ సమోసాలు లేవని మాస్టారు దిగాలుగా ఉన్నారట. ముత్యాలమ్మ సెప్పింది, ఇక్కడికే వినబడింది. మరి వచ్చే మీటింగుకి అవి ఎవరు తెస్తారు?"

తెరిసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది.

"మీరు ట్రస్టీ కాదు కదా" అంది. "మీరు తెండి."